లైబ్రరీలో విసుగెత్తిన లైబ్రేరియన్

కుటుంబ పఠన సాయంత్రం అనగానే పేరెంట్స్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అక్కడికి వచ్చి మేం చేయాల్సిందేమిటి? న్యాయమైన ప్రశ్నే. రోజంతా ఆఫీసు, ఆపైన ట్రాఫిక్, ఇంటికొచ్చాక హోంవర్కు. వీటి మధ్య స్కూల్ లైబ్రరీకి వచ్చి కూర్చోవడమంటే మాటలు కాదు. దాదాపు వందేళ్ల కిందట ఒక లైబ్రేరియన్‌కే ఇలాంటి సందేహం వచ్చింది. ఇక్కడ కూర్చుని నేను చేసేదేమిటని ఆయన ఉద్యోగం వదిలేయబోయారు. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడిగా మనం చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ ఆయనే.

రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా షియాలిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని శీర్కాళి అంటున్నారు. తండ్రి రామామృత అయ్యర్ నలుగురినీ కూర్చోబెట్టుకుని రామాయణం చదివి అర్థం చెప్పేవారు. కొడుక్కి ఆరేళ్లప్పుడే ఆయన పోయారు. ఆరేళ్లంటే మన ఒకటో తరగతి పిల్లల వయసు. ఆ పిల్లవాడికి నత్తి కూడా ఉండేది. అయినా మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివి, పాఠాలు చెప్పే ఉద్యోగాన్నే ఎంచుకున్నారు. మంగళూరు, కోయంబత్తూరు, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. క్లాసులో పిల్లలతో మాట్లాడటమంటే ఆయనకు ప్రాణం.

అలాంటి మనిషి 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. ఆ పోస్టుకు 900 వరకు దరఖాస్తులు వచ్చాయట. రంగనాథన్‌కు లైబ్రరీల గురించి తెలిసిందల్లా ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదివిన ఒక వ్యాసం. చేరాక చూస్తే మాట్లాడటానికి మనిషి లేడు. కొన్ని వారాలకే ఆ ఒంటరితనం భరించలేక, తన పాఠాల ఉద్యోగం తనకు ఇచ్చేయమని పైవాళ్లను వేడుకున్నారు. వాళ్లు ఒక ఒప్పందం పెట్టారు. లండన్ వెళ్లి ఈ చదువు చదివి రావాలి, అప్పటికీ నచ్చకపోతే పాత ఉద్యోగం ఆయనదే.

లండన్‌లో రెండు సంగతులు ఆయన్ని మార్చాయి. మొదటిది అందరూ చెప్పుకునే కథ. సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో మెకానో బొమ్మల సెట్ చూశారు. అవే రేకు ముక్కలు, అవే నట్లు బోల్టులు. ఒకలా బిగిస్తే బండి, ఇంకోలా బిగిస్తే క్రేను. పుస్తకంలోని విషయాన్ని కూడా ఇలాగే చిన్న ముక్కలుగా విడదీసి, మధ్యలో కోలన్ గుర్తు పెట్టి కలపొచ్చని తోచింది. 1933లో అచ్చయిన కోలన్ వర్గీకరణకు మూలం ఆ బొమ్మే.

రెండోదాన్ని అంతగా ఎవరూ చెప్పరు గానీ, మన సాయంత్రానికి పనికొచ్చేది అదే. తన గురువు బెర్విక్ సేయర్స్ నడిపే క్రాయ్‌డన్ పబ్లిక్ లైబ్రరీలో ఆయన పని నేర్చుకున్నారు. ఇంకా ఎన్నో లైబ్రరీలు తిరిగి చూశారు. అక్కడ పుస్తకాల కోసం వచ్చేది పండితులే కాదు. పిల్లలు, కూలి పనివాళ్లు, ఇల్లాళ్లు అందరూ వస్తున్నారు. మద్రాసులో తనను విసిగించింది పుస్తకాలు కావు, మనుషులు లేని గది అని ఆయనకు అప్పుడు అర్థమై ఉండాలి. 1925లో తిరిగొచ్చాక లెక్కల ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

మద్రాసు లైబ్రరీలో చదువరి తానే వెళ్లి చేత్తో తీసుకునేలా బీరువాల దారి తెరిచారు. 1931లో అచ్చయిన ఆయన పంచ సూత్రాల్లో మొదటిది చాలా మామూలుగా కనిపిస్తుంది. పుస్తకం వాడటానికేనని దాని సారాంశం. కానీ తాళం వేసిన అద్దాల బీరువాలు, వారానికి ఒక్క లైబ్రరీ పీరియడ్ చూసి పెరిగిన మనకు అదేమంత చిన్న మాట కాదని తెలుసు. ప్రతి చదువరికీ తనకు తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి ఉంటారన్నవి తర్వాతి రెండు. చదువరి సమయం వృథా కాకూడదన్నది నాలుగోది. లైబ్రరీ పెరుగుతూ పోయే ప్రాణి లాంటిదన్నది చివరిది.

ఆయన సెలవు పెట్టకుండా ఏళ్ల తరబడి రోజుకు 13 గంటలు పనిచేశారని, పెళ్లినాడు కూడా తంతు కాగానే లైబ్రరీకి వెళ్లిపోయారని చెబుతారు. ఈ విషయంలో మాత్రం ఆయన్ని ఆదర్శంగా తీసుకోమని మేం చెప్పలేం!

ఆయన కృషి వల్లే 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. దేశంలో పబ్లిక్ లైబ్రరీల కోసం ఒక రాష్ట్రం చేసిన మొదటి చట్టాల్లో అదొకటి. కోస్తా, రాయలసీమ అప్పటికి ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి గనుక మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు పునాది అక్కడ పడింది. ఇంటి పన్నుతో కలిపి ఈనాటికీ మనం కడుతున్న గ్రంథాలయ సెస్సు కూడా ఆ కోవదే. మద్రాసు తర్వాత బనారస్, ఢిల్లీ, చివరకు బెంగళూరు. తాను దాచుకున్న లక్ష రూపాయలను భార్య శారద పేరు కలిసొచ్చేలా గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఆ సాయంత్రం బీరువాలకు తాళాలు ఉండవు. మీ పాప కామిక్స్ తీస్తే తీయనివ్వండి. మార్కుల పుస్తకం చేతిలో పెట్టకండి. మీకోసం కూడా ఒకటి తీసుకుని పక్కన కూర్చోండి. చదివి వినిపించమంటే కాసేపు గొంతెత్తి చదవండి, ఉచ్చారణ తప్పినా ఎవరూ నవ్వరు. క్విజ్ లేదు, ఫొటోల కోసం నిలబెట్టడం లేదు. వీలైతే తాతయ్యనో అమ్మమ్మనో వెంట తీసుకురండి. వాళ్ల కోసం తెలుగు కథల పుస్తకాల బల్ల తలుపు పక్కనే వేస్తున్నాం, మెట్లు ఎక్కే పని లేకుండా.