కాలిన చేతులతోనే మళ్లీ విమానం ఎక్కాడు.. శిక్షణలోనే ప్రాణం పోయింది!

జర్మన్ల కాల్పుల నుంచి బతికి బయటపడ్డాడు. కానీ శిక్షణ విమానంలో చనిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి బ్రిటన్ పైలట్, రచయిత రిచర్డ్ హిల్లరీ కథ ఇది.

1919లో సిడ్నీలో పుట్టిన హిల్లరీ, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూనే విమానం నడపడం నేర్చుకున్నాడు. 1940 సెప్టెంబర్ 3న అతని స్పిట్‌ఫైర్‌ను శత్రువులు కూల్చేశారు. ముఖం, చేతులు ఘోరంగా కాలిపోయాయి. సముద్రంలో పడ్డ అతన్ని మార్గేట్ లైఫ్‌బోట్ సిబ్బంది కాపాడారు. ప్లాస్టిక్ సర్జన్ ఆర్కిబాల్డ్ మెకిండో కొత్త కనురెప్పలు, పై పెదవి అమర్చారు. 1942లో 'ది లాస్ట్ ఎనిమీ' పుస్తకం వచ్చింది. పేరు మారుమోగిపోయింది.

ఇక హాయిగా రాసుకుంటూ ఉండొచ్చు కదా? ఊహూ.. మళ్లీ ఎగరాల్సిందేనని పట్టుబట్టాడు. విచిత్రం ఏంటంటే, అధికారులూ సరేనన్నారు! భోజనం దగ్గర కత్తి, ఫోర్కు కూడా సరిగా పట్టుకోలేని మనిషికి, చీకట్లో రెండు ఇంజిన్ల బ్లెన్‌హీమ్ నడిపే శిక్షణ మొదలుపెట్టారు.

1943 జనవరి 8, అర్ధరాత్రి దాటింది. స్కాట్లాండ్‌లోని చార్టర్‌హాల్ స్థావరం నుంచి లేచిన బ్లెన్‌హీమ్ కాసేపటికే కుప్పకూలింది. హిల్లరీకి అప్పటికి 23 ఏళ్లే. అదే విమానంలో ఉన్న నావిగేటర్ విల్‌ఫ్రెడ్ ఫైసన్ కూడా ప్రాణాలు కోల్పోయాడు.