మూలఘటిక కేతన

వెంకటాచలమునకు ఉత్తరమున, పెన్న యొడ్డున నున్న నెల్లూరు 13వ శతాబ్దిలో విక్రమసింహపురమను పేర తెలుగు చోడుల రాజధానిగా వెలసియుండెను. మనుమసిద్ధి రాజుగను, తిక్కన మంత్రిగను ఉన్న ఆ కాలమున తిక్కన యాదరమును పొందిన కవులలో మూలఘటిక కేతన ముఖ్యుడు.

సంస్కృతమున దండి వచనముగా రచించిన దశకుమారచరిత్రను కేతన 12 ఆశ్వాసముల తెలుగు కావ్యముగా చేసి తిక్కనకు అంకితమిచ్చెను. అభినవదండి యను బిరుదము అతనికి దీనివలననే కలిగినది. తిక్కన వంశవృత్తాంతము లోకమునకు తెలియుటకు ఈ కావ్యపు అవతారికయే ముఖ్యమైన యాధారము.

ఇది దేవతల కథ కాదు. విడిపోయిన పదిమంది యువకులు మరల కలిసికొని తమతమ అనుభవములను చెప్పుకొనుట ఇందలి విషయము. దొంగలు, జూదరులు, వేశ్యలు, వర్తకులు ఇందు విరివిగా కనబడుదురు. శృంగారమునకును, మోసమునకును కొదువ లేదు. కేతన తరువాత నూరేండ్లకు ఇటలీ దేశమున బొకాచియో (1313–1375) డెకామెరాన్ అను కథల సంపుటిని రచించెను. 1348లో ఫ్లోరెన్సు నగరమున ప్రబలిన మహామారికి వెఱచి పల్లెకు చేరిన పదిమంది యువతీయువకులు పది దినములలో చెప్పుకొన్న నూరు కథలవి. కపటసన్యాసులు, భర్తల కన్నుగప్పు భార్యలు అందును కలరు. దూరదేశములవారైనను ఇరువురు కవులును ఒకే మానవస్వభావమును చిత్రించిరి.

కామమంజరి కథ చూడుడు. మరీచి మునిని లోబరచుకొందునని ఆ వేశ్య తోటి వేశ్యతో పందెము వేసినది. విరక్తి నటించుచు ఆశ్రమము చేరినది. వెనుకనే తల్లి యేడ్చుచు వచ్చి, బిడ్డను మరలింపుమని మునిని వేడినది. ముని నమ్మెను, ఆమెకు లొంగెను. కామమంజరి అతనిని చంపానగరమునకు తీసికొనిపోయి, రాజు ఎదుట పందెము గెలిచి, వెనుకకు పంపివేసినది. విరూపకుడను వర్తకుని సొత్తంతయు దోచి, వానికి గోచి మాత్రము మిగిల్చినదియు ఈమెయే. తుదకు అపహారవర్మ ఆమెనే వంచించెను. బంగారము నిచ్చు తోలుసంచి యొకటి కలదనియు, అన్యాయార్జితమును తిరిగి యిచ్చినవారికే అది ఫలించుననియు వాడు పుట్టించిన మాటను నమ్మి, ఆమె విరూపకుని ధనమును తిరిగి యిచ్చినది. తన బోధకు ఫలము కలిగినదని మునికి ఆశ. బంగారమన్న ఆమెకు ఆశ. వినువాని యాశయే కల్లమాటకు బలము.

ఇట్టి కథలను వ్రాసిన కేతనయే ఆంధ్రభాషాభూషణమను పేర తెలుగున తొలి తెలుగు వ్యాకరణమును పద్యములలో రచించెను. తత్సమము, తద్భవము, అచ్చతెనుగు, దేశ్యము, గ్రామ్యమని మాటల తరగతులను నిరూపించెను. విజ్ఞానేశ్వరుని మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. అది ధర్మశాస్త్రము, తగవు వచ్చినప్పుడు పత్రము, అనుభవము, సాక్షి అను ప్రమాణములతో నిజమును తేల్చు విధము అందలి వ్యవహారభాగపు విషయము.

మాట ఎట్లు ఏర్పడునో వ్యాకరణమున, ఎట్లు మోసగించునో కావ్యమున, దాని నిజమెట్లు తేలునో ధర్మశాస్త్రమున కేతన తెలుగువారికి తెలిపెను. ఋణపత్రముపై వ్రేలిముద్ర వేయువానికిని, సంతలో బేరమాడువానికిని ఈ మూడు విద్యలును కావలసినవే. గ్రామమున గ్రంథాలయము వెలయుట కేతనవంటి వారి కృషి చదువరుల చేతికి అందుటకే.