సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో జడ్జికే ట్విస్ట్ ఇచ్చిన మేధావి.. టెన్షన్ పడ్డ ఐన్‌స్టీన్!

అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అంటే చాలామంది ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టి వెళ్తారు. కానీ ఒకాయన మాత్రం ఏకంగా రాజ్యాంగమంతా చదివేసి, అందులో లొసుగు పట్టేశారు. ఆయనే గణిత మేధావి కర్ట్ గోడెల్.

ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో 1906లో పుట్టిన గోడెల్.. వియన్నా యూనివర్సిటీలో చదివారు. గణితంలో నిజమే అయినా నిరూపించలేని విషయాలు మిగిలిపోతాయని 1931లో తేల్చి సంచలనం సృష్టించారు. అయితే ఆయన కళ్లముందే ఆస్ట్రియాలో ప్రజాస్వామ్యం కూలిపోయింది. 1933లో పార్లమెంటు మూతపడింది. 1938లో హిట్లర్ దేశాన్నే కలిపేసుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక 1940లో భార్య అడెల్‌తో కలిసి సైబీరియా మీదుగా రైల్లో, జపాన్ నుంచి ఓడలో అమెరికా చేరారు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్‌కు మంచి దోస్త్ అయ్యారు.

1947లో పౌరసత్వ పరీక్ష వచ్చింది. గోడెల్ అమెరికా చరిత్రతో పాటు తమ ఊరి కౌన్సిల్‌ను ఎలా ఎన్నుకుంటారు, మేయర్ ఎవరు అన్నదాకా చదివేశారు. అవేవీ అడగరని స్నేహితుడు మోర్గెన్‌స్టెర్న్ చెప్పినా వినలేదు. చివరికి, చట్టబద్ధంగానే అమెరికాలో నియంత రావొచ్చని కనిపెట్టి కంగారుపడ్డారు. ఆ మాట అక్కడ ఎత్తొద్దని స్నేహితులిద్దరూ బతిమాలారు.

డిసెంబర్ 5న ముగ్గురూ ట్రెంటన్ వెళ్లారు. ఐన్‌స్టీన్, మోర్గెన్‌స్టెర్న్ సాక్షులు. జడ్జి ఫిలిప్ ఫోర్మన్ ఆస్ట్రియాలో ఎలాంటి ప్రభుత్వం ఉండేదని అడిగారు. రిపబ్లిక్కే కానీ నియంతృత్వంగా మారిందన్నారు గోడెల్. ఇక్కడ అలా జరగదని జడ్జి అనగానే.. జరుగుతుంది, నిరూపిస్తానంటూ అందుకున్నారు! స్నేహితులకు చెమటలు పట్టాయి. అయితే ఐన్‌స్టీన్‌కు గతంలో పౌరసత్వ ప్రమాణం చేయించింది కూడా ఈ జడ్జే. పరిస్థితి అర్థం చేసుకుని, నవ్వుతూ మాట మార్చేశారు.

1948 ఏప్రిల్ 2న గోడెల్ అమెరికా పౌరుడయ్యారు. ఆ లొసుగు ఏంటో మాత్రం ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

దేశం మారినా భయం వదల్లేదు. తిండిలో విషం కలుపుతారన్న అనుమానంతో భార్య చేతి వంటే నమ్మేవారు. ఆమె ఆసుపత్రి పాలవడంతో తినడమే మానేసి, 71 ఏళ్ల వయసులో 1978 జనవరి 14న చనిపోయారు.

అమెరికాలో మనవాళ్లు ఇప్పుడు ప్రిపేరవుతున్న సివిక్స్ టెస్ట్‌లో, ప్రభుత్వానికి మూడు విభాగాలు ఎందుకన్న ప్రశ్న ఉంది. ఏ ఒక్కరి చేతిలోనూ అధికారమంతా పోగవకూడదన్నదే జవాబు. గోడెల్‌ను నిద్రపోనివ్వకుండా చేసింది కూడా సరిగ్గా ఈ ప్రశ్నే.