నక్షత్రాలను కొలిచిన సుల్తాన్ ఉలుగ్ బేగ్

ప్లానెటేరియంలో దీపాలు ఆరిపోగానే గోపురం మీద వసంతకాలపు రాత్రి ఆకాశం పరుచుకుంటుంది. నడినెత్తిన సింహరాశిలో మఖ, తూర్పున చిత్త, స్వాతి. మఖ, చిత్తల పక్కగా సాగిపోయే గ్రహాలు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. దూరదర్శిని లేని రోజుల్లోనే ఈ నక్షత్రాల స్థానాలను కొలిచి రాయించిన పాలకుడు ఉలుగ్ బేగ్.

ఆయన 1394 మార్చి 22న, వసంతం మొదలైన రోజుల్లోనే, ఇరాన్‌లోని సుల్తానియాలో పుట్టాడు. అసలు పేరు మీర్జా ముహమ్మద్ తారఘాయ్. లోకాన్ని గడగడలాడించిన తైమూర్‌కు మనవడు. తండ్రి షారుఖ్ 1409లో సమర్‌ఖండ్ పాలన అప్పగించేనాటికి ఆయనకు పదిహేనేళ్లే.

తాతకు యుద్ధాలంటే ఇష్టం, మనవడికి లెక్కలంటే ప్రాణం. 1420 నాటికి సమర్‌ఖండ్‌లో పెద్ద మదరసా కట్టించాడు. జంషీద్ అల్ కాషీ, ఖాజీజాదా రూమీ లాంటి పండితులను పిలిపించుకున్నాడు. ఆ తర్వాత ఊరి పక్క గుట్ట మీద మూడంతస్తుల వేధశాల లేచింది. అందులో సుమారు 40 మీటర్ల వ్యాసార్ధంతో రాతి చాపం ఉండేది. దాని కింది భాగాన్ని భూమిలోకి తొలిచారు. కొలత ఎంత పెద్దదైతే తప్పు అంత తగ్గుతుందన్నది ఆయన లెక్క.

ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేలుకుని చేసిన పని 1437లో 'జీజె సుల్తానీ'గా పూర్తయింది. అందులో 1018 నక్షత్రాల స్థానాలు, గ్రహాల గమనాల పట్టికలు ఉన్నాయి. ఆయన లెక్కగట్టిన నక్షత్ర సంవత్సరానికీ నేటి లెక్కకూ తేడా నిమిషం కూడా లేదు!

కానీ ఆకాశాన్ని అంత బాగా చదివిన మనిషి దర్బారును చదవలేకపోయాడు. 1447లో తండ్రి పోయాక వారసత్వ పోరు రాజుకుంది. చివరికి కన్నకొడుకు అబ్దుల్ లతీఫే తిరగబడి గెలిచాడు. గద్దె వదిలి హజ్‌కు బయల్దేరిన ఉలుగ్ బేగ్‌ను 1449 అక్టోబరులో దారిలోనే కొడుకు మనుషులు చంపేశారు. వేధశాల శిథిలమైంది.

పట్టికలు మాత్రం నిలిచాయి. శిష్యుడు అలీ ఖుష్జీ ఆ విద్యను ఇస్తాంబుల్ దాకా తీసుకెళ్లాడు. 18వ శతాబ్దంలో జంతర్ మంతర్ కట్టించిన రాజా జైసింగ్ కూడా ఈ జీజ్‌నే ఆధారం చేసుకున్నాడు. 1908లో తవ్వకాల్లో ఆ రాతి చాపం మళ్లీ బయటపడింది. సమర్‌ఖండ్ వెళ్లినవారు ఈరోజుకీ దాన్ని చూడొచ్చు. కొడుకు గెలుచుకున్న సింహాసనం మాత్రం ఏడాది కూడా నిలవలేదు.