గాయం మానింది.. గుణం మారింది

మెదడు గురించి చదివే వైద్య విద్యార్థులకు ఫినియాస్ గేజ్ పేరు పరిచయమే. అమెరికాలో రైలు మార్గం పనుల్లో కూలీలను నడిపించిన మేస్త్రీ అతను. కోపం, మాట, నడవడిక కూడా మెదడు అదుపులోనే ఉంటాయని వైద్యలోకం గుర్తించడానికి అతని తలకు తగిలిన గాయం ఎంతో తోడ్పడింది.

ఆ సాయంత్రం ఏం జరిగింది?

గేజ్ 1823లో పుట్టాడు. పాతికేళ్లకే మేస్త్రీ అయ్యాడు. పనిమంతుడని, నెమ్మదస్తుడని కంపెనీలో మంచి పేరుండేది. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్ ఊరి దగ్గర బండరాళ్లు పేలుస్తున్నారు. రాతికి రంధ్రం చేసి, అందులో పేలుడు మందు పోసి గేజ్ ఇనుప కడ్డీతో దట్టిస్తుండగా నిప్పురవ్వ లేచి మందు పేలింది. మూడున్నర అడుగులకు పైగా పొడవు, ఆరు కిలోల బరువున్న ఆ కడ్డీ అతని ఎడమ చెంపలో దిగబడింది. ఎడమ కంటి వెనక నుంచి మెదడు ముందు భాగాన్ని చీల్చుకుంటూ మాడులోంచి బయటికొచ్చి, సుమారు 80 అడుగుల దూరంలో పడింది.

అంత జరిగినా గేజ్ కాసేపటికే మాట్లాడాడు. ఎద్దుల బండిలో కూర్చునే బసకు చేరాడు. ఎక్స్‌రే, యాంటీబయాటిక్స్ లేని రోజులవి. గాయం చీము పట్టి ప్రాణం మీదికి వచ్చినా డాక్టర్ జాన్ హార్లో చీము తీసి అతణ్ని బతికించాడు. ఎడమ కంటి చూపు మాత్రం పోయింది. పది వారాలకు గేజ్ ఇల్లు చేరాడు.

మారిపోయిన మేస్త్రీ

నడక, మాట, జ్ఞాపకశక్తి బాగానే ఉన్నాయి. మనిషే మారాడు. చీటికీమాటికీ చిరాకు, నోటికొచ్చినట్లు తిట్లు, ఎవరి మాటా వినని మొండితనం. ఒక పని తలపెట్టి అంతలోనే వదిలేసి మరోటి అందుకునేవాడు. కంపెనీ అతణ్ని మళ్లీ మేస్త్రీగా తీసుకోలేదు.

నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్ మన నడవడికకు కళ్లెం లాంటిది. కోపం వచ్చినా నోరు జారకుండా ఆపేది, ముందూవెనకా ఆలోచింపజేసేది, మొదలుపెట్టిన పనిని చివరిదాకా నడిపించేది ఇదే. భావోద్వేగాలకు సంబంధించిన లోపలి కేంద్రాలతో దీన్ని నాడీ తంతువులు కలుపుతుంటాయి. గేజ్ పుర్రె ఆధారంగా 2012లో కంప్యూటర్‌తో వేసిన అంచనా ప్రకారం మెదడు పై పొరలో సుమారు 4 శాతం, నాడీ తంతువులున్న తెల్లని భాగంలో సుమారు 11 శాతం దెబ్బతిన్నాయి. అంటే ఒక చోట తగిలిన దెబ్బ దూరంగా ఉన్న కేంద్రాల మధ్య సంబంధాలనూ తెంచగలదు.

చిలీలో కుదురుకున్న బతుకు

చాలా కథనాలు గేజ్‌ను చివరిదాకా దేశదిమ్మరిగానే చూపించాయి. అది నిజం కాదు. కొన్నాళ్లు గుర్రపుశాలలో పనిచేసి, 1852లో చిలీ దేశం వెళ్లాడు. అక్కడ ప్రయాణికుల బండి తోలుతూ దాదాపు ఏడేళ్లు గడిపాడు. ఆరు గుర్రాలను ఒక్క చేతి మీద నడపాలంటే ఓర్పు, ఏకాగ్రత, ముందుచూపు ఉండాలి. రోజూ ఒకే వేళకు ఒకే తీరున సాగే పని అతణ్ని దారిలో పెట్టి ఉంటుందని నేటి పరిశోధకులు కొందరు భావిస్తున్నారు.

1859లో ఆరోగ్యం చెడి శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి దగ్గరకు చేరాడు. మరుసటి ఏడాది మూర్ఛలు మొదలయ్యాయి. 1860 మే 21న, 36 ఏళ్లకే కన్నుమూశాడు. అతని పుర్రె, ఆ కడ్డీ ఇప్పటికీ హార్వర్డ్ వైద్య కళాశాల మ్యూజియంలో ఉన్నాయి.

మనం గమనించాల్సినవి

మన దగ్గర ఇలాంటి గాయాలు ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లో అవుతున్నాయి. కుట్లు మానాక, స్కాన్ బాగుందన్నాక కూడా మనిషి తీరు మారిపోవచ్చు. దాన్ని పొగరనో, గాలి సోకిందనో అనుకుని ఇంట్లోవాళ్లు చికిత్స మానేస్తే నష్టపోయేది రోగే.

* కొత్తగా కోపం, అనుమానం, సిగ్గు లేని మాటలు, దుబారా ఖర్చు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే న్యూరాలజిస్టుకు గానీ సైకియాట్రిస్టుకు గానీ చూపించండి. దెబ్బ తగిలిన సంగతి తప్పక చెప్పండి.

* మూర్ఛలు నెలలు, ఏళ్ల తర్వాతా రావచ్చు. డాక్టర్ చెప్పకుండా మందులు ఆపకండి. మద్యం జోలికి పోనివ్వకండి.

* నిద్రకు, భోజనానికి, పనికి రోజూ ఒకే వేళ పాటించేలా చూడండి. ఒకసారికి ఒక పనే చెప్పండి. వాదన పెంచకండి.

* బైక్ ఎక్కితే హెల్మెట్ పట్టీ బిగించండి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి.

చెయ్యి విరిగితే కట్టు చూసి అందరూ జాలిపడతారు. నడవడిక దెబ్బతింటే కట్టు కనిపించదు. ఆ మనిషికీ అంతే ఓర్పు, అంతే వైద్యం కావాలి.