డాక్టరుగా పంపని డాక్టరమ్మ

ఈ రోజుల్లో మన సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిసే ముందు వినబడే ప్రార్థన మనవుల్లో ఒకటి తరచూ ఉంటుంది. ఫలానా వారి అబ్బాయి, ఫలానా వారి అమ్మాయి వైద్య ఉద్యోగం మీద విదేశాలకు వెళ్తున్నారు, ప్రయాణ క్షేమం కోసం ప్రార్థించండి అని. అందరితోపాటు మేమూ తల వంచి ప్రార్థిస్తాం. అలా ప్రార్థించినప్పుడల్లా ఎదురు దిక్కునుంచి వచ్చిన ఒకామె మాకు గుర్తుకొస్తారు. ఆమె పేరు డాక్టర్ ఆనా సారా కుగ్లర్.

గుంటూరు ప్రాంతం వారికి ఆ పేరు కొత్త కాదు. కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టామని చెప్పుకునే కుటుంబాలు ఎన్నో. అయితే ఆమె ఈ దేశానికి ఏ హోదాలో వచ్చారో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊరిలో జన్మించారు. స్త్రీలు వైద్యం చదవడమే వింతగా చూసే ఆ కాలంలో, స్త్రీల కోసమే నెలకొల్పిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పుచ్చుకున్నారు. నారిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో మహిళా రోగుల విభాగంలో పనిచేశారు. మంచి ఉద్యోగం, సొంత రాష్ట్రం, దగ్గరలోనే అయినవాళ్లు. అటువంటి సమయంలో గుంటూరు లూథరన్ మిషనులో ఉన్న ఆడమ్ రో గారి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలి అవసరం ఎంత ఉందో ఆయన అందులో వివరించారు.

ఆ అవసరం ఎటువంటిదో నేటి పాఠకులకు కాస్త చెప్పాలి. పరదా పాటించే ఇళ్లలో పురుష వైద్యుడు గడప దాటి లోపలికి వెళ్లే వీలు లేదు. కాన్పు కష్టమైతే మంత్రసానికి తెలిసినంతే వైద్యం. బిడ్డ అడ్డం తిరిగితే తల్లినీ బిడ్డనూ దేవుడే కాపాడాలి.

కుగ్లర్ గారు వెళ్తానని ముందుకొచ్చారు. కానీ మిషనరీలను పంపే స్త్రీల సొసైటీ వారు వైద్య పరిచర్య మొదలుపెట్టడానికి ఇంకా సిద్ధంగా లేరు. డాక్టరుగా కాదు, జనానా పనికి, అంటే స్త్రీలున్న ఇళ్లకు వెళ్లి బోధించే పనికి అయితే పంపుతామన్నారు. ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించిన పట్టాను పక్కన పెట్టి బడిపంతులమ్మగా రమ్మంటే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? సంఘం కమిటీలో అడిగిన పదవి దక్కకపోతే ఆదివారం గుడికే రావడం మానేసేవారిని మేము ఎరుగుదుం. ఆమె ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గాని, వైద్యం మానుకుంటానని మాట ఇవ్వలేదు. వచ్చేటప్పుడు వైద్య సామగ్రి వెంట తెచ్చుకున్నారు.

1883 నవంబరులో గుంటూరు చేరారు. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. సొసైటీ అప్పగించిన పని చేస్తూనే, బాలికల పాఠశాలలు చూసుకుంటూనే, తెలుగు నేర్చుకుంటూనే, వచ్చిన రోగులను చూశారు. మొదటి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లి 185 మందికి, తాను ఉంటున్న జనానా గృహంలో 276 మందికి వైద్యం చేశారు. ఇదంతా వైద్యురాలిగా నియామకం లేకుండానే! పెద్ద కులాల ఇళ్లలో విదేశీయురాలిని అంటరానిదానిగా చూసేవారు. మందు ఆమె చేతినుంచి తీసుకోవడానికి జంకితే నేలమీద పెట్టేవారు, ఇంటివారు అక్కడినుంచి తీసుకునేవారు. మన తాతముత్తాతల్లో చాలామందికి ఈ అనుభవం పరిచయమే. అమెరికా నుంచి వచ్చిన పట్టభద్రురాలికి కూడా తప్పలేదు.

రెండేళ్ల తర్వాత, 1885లో, సొసైటీ వారు ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా గుర్తించారు. ఈ ఆలస్యానికి మేము సొసైటీ వారిని సమర్థించలేం. ప్రసవవేదనలో ఉన్న తల్లి కమిటీ తీర్మానం కోసం ఆగదు. అయినా ఆ రెండేళ్లూ వృథా అయ్యాయని కూడా అనలేం. బోధకురాలిగా తిరిగిన ఇళ్లే తర్వాత వైద్యురాలికి తలుపులు తెరిచాయి.

ఇక ఆసుపత్రి. చేతిలో ఉన్నది ఒక చిన్న వైద్యశాల మాత్రమే. 18 ఎకరాల స్థలం సమకూరింది గాని కట్టడానికి డబ్బు లేదు. సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు విశ్రాంతి తీసుకోకుండా సంఘాల చుట్టూ తిరిగి చందాలు పోగుచేశారు. 1893లో కొత్త డిస్పెన్సరీ, 1898 జూన్‌లో 50 పడకల ఆసుపత్రి తెరుచుకున్నాయి. గుంటూరులో దిగిన పదిహేనేళ్లకు గాని ఆమె కోరిన ఆసుపత్రి ఆమె కళ్లెదుట నిలవలేదు.

ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహదూర్ గారు తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. కట్టడం చిన్నదైనా దాని ప్రయోజనం పెద్దది. ఆసుపత్రిలో రోగి ఉంటే, కులపట్టింపు ఉన్న బంధువులు ఎక్కడ వండుకోవాలి, ఎక్కడ తినాలి అన్నది అప్పట్లో పెద్ద చిక్కు. ఆ చిక్కు తీరితే గాని వారు రోగిని తీసుకొచ్చేవారు కాదు. ఒకప్పుడు మందు నేలమీద పెట్టించుకున్న ఇళ్ల నుంచే తల్లులు ఆసుపత్రికి రావడం మొదలైంది.

ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకంతో 1905లో, మళ్లీ 1917లో ఆమెను గౌరవించింది. చివరి సంవత్సరాల్లో తీవ్రమైన రక్తహీనత ఆమెను పట్టుకుంది. ఎందరికో రక్తం పట్టే మందులిచ్చిన ఆమె ఒంట్లోనే రక్తం లేకుండా పోయింది. స్వదేశం వెళ్లి విశ్రాంతిగా ఉండవచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె గుంటూరులోనే ఉండిపోయారు. ఆసుపత్రి చరిత్రను తానే పుస్తకంగా రాస్తే 1928లో అచ్చయింది.

1930 జూలై 26న, 74 ఏళ్ల వయసులో, గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చి అప్పటికి 47వ ఏడు నడుస్తోంది. ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.