దేవుడు విడువని ఓడ నాయకుడు

ధ్యానభాగము: రోమా 5:6–8



ఫలానివాడు బాప్తిస్మము పొంది ఏండ్లు గడిచినను త్రాగుడు మానలేదు, వానిని ఇంకెంతకాలము భరింతుమని సంఘపెద్దలు మమ్మును అడుగుచుందురు. మేమును విసిగి అట్లే తలంచిన దినములు కలవు. అట్టివేళ మాకు జ్ఞాపకము వచ్చు ఒక సేవకుని చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

జాన్ న్యూటన్ 1725 లో లండను పట్టణమున జన్మించెను. తండ్రి ఓడ నాయకుడు. తల్లి భక్తిపరురాలు, ఆమె చిన్ననాటనే కుమారునికి వాక్యము నేర్పెను. అతనికి ఏడేండ్లు నిండకమునుపే ఆమె క్షయరోగముచే మరణించెను. 11 ఏండ్ల ప్రాయమున అతడు తండ్రితో సముద్రయానము మొదలుపెట్టెను. యౌవనములో తల్లి నేర్పినదంతయు మరచి, తాను దేవుని దూషించుటయే గాక తోడివారి విశ్వాసమును కూడ చెరిపెను. 1744 లో అతనిని బలవంతముగా యుద్ధనౌకలో చేర్చిరి. పారిపోయి, పట్టుబడి, కొరడాదెబ్బలు తినెను. పిమ్మట పడమటి ఆఫ్రికా తీరమున బానిసలను అమ్ము వర్తకునియొద్ద చేరి, జ్వరముతోను ఆకలితోను తానే బానిసవలె బ్రదికెను.

తండ్రి అతనిని మరువలేదు. తన స్నేహితుని ఓడవారిచేత వెదకించెను. ఆ ఓడలో ఇంటికి వచ్చుచుండగా, 1748 మార్చి నెలలో అట్లాంటిక్ సముద్రమున గొప్ప తుపాను కొట్టెను. ఓడ ప్రక్క పగిలి నీరు లోనికి వచ్చెను. న్యూటన్ గంటలకొలది నీరు తోడెను, చుక్కాని పట్టెను. ఎన్నో ఏండ్లకు మొదటిసారి దేవుని కనికరమును తలంచి ప్రార్థించెను. ఓడలోని సరకు మైనమును కొయ్యయు గనుక అది మునుగలేదు. నాలుగు వారములకు ఐర్లాండు తీరము చేరిరి.

ఓడ దిగినవెంటనే అతడు పూర్తిగా మారిపోయెనని మనలో అనేకులు చెప్పుకొందురు. అట్లు జరుగలేదు. 1750 మొదలు 1754 వరకు అతడు బానిసల ఓడకు నాయకుడై మూడు ప్రయాణములు చేసెను. ఆఫ్రికా స్త్రీపురుషులను వెస్టిండీస్ దీవులకు అమ్మకమునకు కొనిపోయెను. పైన తన గదిలో బైబిలు చదువుచుండెను. క్రింద ఓడ అడుగున మనుష్యులు సంకెళ్లలో మూల్గుచుండిరి. ఆనాటి క్రైస్తవులలో అనేకులకువలె అతనికిని అది పాపముగా తోచలేదు. 1754 లో అతడు సముద్రము విడిచినదియు హఠాత్తుగా జబ్బుచేసినందుననే.

తరువాత లివర్‌పూల్ రేవులో సుంకపు ఉద్యోగము చేయుచు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను. 1764 లో ఓల్నీ అను చిన్న ఊరికి పాదిరిగా వెళ్లి, లేసు అల్లి జీవించు పేదల మధ్య పదునైదేండ్లకు పైగా సేవచేసెను. లోకమంతట పాడబడుచున్న అమేజింగ్ గ్రేస్ అను కీర్తనను 1773 నూతన సంవత్సర ఆరాధనకై అక్కడనే వ్రాసెను. మనోవ్యాధితో బాధపడుచున్న కవి విలియం కౌపర్‌ను విడువక ఆదరించెను. 1780 లో లండనుకు మారెను. 1785 లో విల్బర్‌ఫోర్స్ అను యౌవనుడైన పార్లమెంటు సభ్యుడు అతనియొద్దకు ఆలోచనకై రాగా, ఆ పదవిలోనే నిలిచి దేవుని సేవింపుమని చెప్పెను.

1788 లో, ఓడ విడిచిన 34 ఏండ్లకు, న్యూటన్ ఒక చిన్న పుస్తకము అచ్చువేయించి, బానిస వ్యాపారములో తన పాపమును అందరియెదుట ఒప్పుకొనెను. ఆ వ్యాపారమునకు విరోధముగా అధికారులయెదుట సాక్ష్యమిచ్చెను. 1807 మార్చిలో బ్రిటిషు పార్లమెంటు దానిని నిషేధించెను. ఆ డిసెంబరు 21 న న్యూటన్ ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, తుపానునుండి ఒప్పుకోలువరకు 40 ఏండ్లు. దేవుడు అతని యోగ్యత చూచి ప్రేమింపలేదు. అతని ఆలస్యము చూచి విడువలేదు. కాబట్టి త్రాగుడు మానని సహోదరుని మనము విడువరాదు. వాని గుమ్మమునకు మరల మరల వెళ్లవలెను.

అయితే ఇంకొక మాట. ఆ ఆలస్యమునకు వెల చెల్లించినవారు ఓడ అడుగున నున్నవారు. వారును దేవుడు ప్రేమించిన ప్రజలే. మనకు పాపముగా తోచనివి మన ఇండ్లలో లేవా? పాలేరుకు కూలి తగ్గించుట, కట్నమునకై కోడలిని ఏడిపించుట, ప్రభువు బల్లకు వచ్చియు మనస్సులో కులము ఎంచుట: వీటి క్రింద ఎవరు మూల్గుచున్నారు? దేవుని ఓర్పును మనము సాకుగా చేసికొనరాదు.

రాబోవు ప్రభువు భోజనమునకు ముందు, మా ఇంటినుండి మొదలుకొని, మన మనస్సులను ఆయనయెదుట పరీక్షించుకొందము. మనలను విడువని ప్రేమయే మనలను మార్చును గాక. ఆమేన్.